కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అవ్వాలనుందా? ముందు తువ్వాళ్లు మడవండి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ని టీవీలో చూసేవాళ్లకి కోచ్ అంటే సైడ్‌లైన్ మీద అటూ ఇటూ తిరుగుతూ, రిఫరీ మీద అరుస్తూ, టైమౌట్‌లో చిన్న బోర్డు మీద గీతలు గీసే మనిషి. అది వారానికి రెండు సాయంత్రాల పని. మిగతా వారమంతా ఆయన ఏం చేస్తాడో ఎవరూ చూపించరు, ఆ కుర్చీ దాకా రావడానికి ముందు పదేళ్లు ఏం చేశాడో అసలే చూపించరు. ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగి హైస్కూల్ జట్లలో ఆడుతున్న మన పిల్లలు ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరు ఈ మధ్య నన్ను అడిగారు, "కాలేజీలో ఆడేంత ఎత్తు లేదు అంకుల్, కానీ కోచింగ్‌లోకి వెళ్లాలనుంది, ఎలా?" అని. నోటితో చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను.

నేను కోచ్‌ని కాదు. ఎంఎస్ చేసే రోజుల్లో, పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టని ఒక యూనివర్సిటీ జట్టుకి రెండు సీజన్లు స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశాను. ఆ తర్వాత అందరిలాగే ఉద్యోగంలో పడిపోయాను. కానీ వంటింటి గుమ్మంలో రెండేళ్లు నిలబడ్డవాడికి లోపల వంట ఎలా అవుతుందో కొంతైనా తెలుస్తుంది కదా. కాబట్టి గుమ్మంలోంచి కనపడినంతే చెబుతాను.

కోర్సు లేదు, లైసెన్సు లేదు

అందరూ మొదట అడిగేది "ఏం చదవాలి?" అని. మన బుర్రలు అలా తయారయ్యాయి మరి, ఏదైనా అవ్వాలంటే దానికో ఎంట్రన్సు ఉండాలి అనుకుంటాం. అమెరికాలో కాలేజీ జట్టుకి కోచింగ్ ఇవ్వడానికి ప్రత్యేకంగా లైసెన్సు ఏమీ అక్కర్లేదు. డిగ్రీ ఉండాలి, చాలాచోట్ల మాస్టర్స్ ఉంటే మంచిదంటారు. ఏ సబ్జెక్టులో అన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోరు. జాన్ వుడెన్ ఇంగ్లిష్ టీచర్. యూసీఎల్ఏ యూనివర్సిటీ జట్టుకి 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టినాయన హైస్కూల్ పిల్లలకి వ్యాకరణం చెబుతూ మొదలయ్యాడు.

మరి ఎంపిక ఎలా జరుగుతుంది? మిమ్మల్ని ముందే దగ్గరగా చూసినవాళ్లెవరో "వాడు పనికొస్తాడు, తీసుకో" అని ఫోన్ చేస్తే జరుగుతుంది. ఈ రంగంలో ఇదొక్కటి అర్థమైతే మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. రెజ్యూమె చివర్న అడుగుతారు, కాగితం ఉండాలి కాబట్టి.

కోచ్‌లకి గోత్రాలు కూడా ఉంటాయి. వాళ్లు కోచింగ్ ట్రీ అంటారు, నాకు మాత్రం గోత్రం అనడమే సరిగ్గా అతుకుతుంది అనిపిస్తుంది. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ తర్వాత అదే జట్టుకి కోచ్ అయ్యాడు. అలెన్ దగ్గర ఆడినవాళ్లలో అడాల్ఫ్ రప్ కెంటకీకి, డీన్ స్మిత్ నార్త్ కరోలినాకి వెళ్లి దశాబ్దాలపాటు ఏలారు. స్మిత్ దగ్గర పదేళ్లు అసిస్టెంటుగా చేసిన రాయ్ విలియమ్స్ మళ్లీ కాన్సస్‌కే హెడ్ కోచ్‌గా వెళ్లాడు. చుట్టూ తిరిగి ఇంటికొచ్చినట్టు. ఇంకో తమాషా, ఆట కనిపెట్టిన నైస్మిత్ రికార్డు 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కడే.

ఈ గోత్రం సంగతి మురిసిపోయేది మాత్రమే కాదు. జాన్ మెక్‌లెండన్ కూడా కాన్సస్‌లో నైస్మిత్ దగ్గర నేర్చుకున్నవాడే, కానీ నల్లజాతివాడు కాబట్టి యూనివర్సిటీ జట్టులో ఆడనివ్వలేదు. తర్వాత ఆయన టెన్నెసీ ఏ అండ్ ఐ జట్టుతో 1957, 58, 59లో వరసగా మూడుసార్లు ఎన్ఏఐఏ (చిన్న కాలేజీల సంఘం) టైటిల్ గెలిచాడు. పరిచయాల మీద నడిచే ఏ వ్యవస్థలోనైనా పరిచయం దొరకనివాళ్లు బయటే ఉండిపోతారు. మనవాళ్లకి ఈ రంగంలో మామయ్యలు, బాబాయిలు ఎవరూ లేరు. అందుకే కింది గుమ్మంలోంచి దూరాలి.

కింది గుమ్మం ఎక్కడుంది

కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ, అందులో మూడు డివిజన్లున్నాయి. టీవీలో వచ్చేది డివిజన్ 1, అందులో 360కి పైగా జట్లు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పులే ఉండవు, అక్కడ కోచ్ ఒక్కోసారి వేరే ఆటకి కూడా సాయం చేస్తూ, క్లాసులు చెబుతూ ఉంటాడు. ఇవి కాక ఎన్ఏఐఏ కాలేజీలు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు. పెద్ద జట్టులో హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్‌లు, ప్రయాణాలూ హోటళ్లూ చూసే ఆపరేషన్స్ డైరెక్టర్, వీడియో కోఆర్డినేటర్, మాస్టర్స్ చదువుతూ పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లు, వాళ్లందరికీ కింద స్టూడెంట్ మేనేజర్లు. మీరు మొదలుపెట్టేది ఆ చివరి మెట్టు దగ్గర.

పేరులో మేనేజర్ అని ఉంది కదా అని ఇంటికి ఫోన్ చేసి చెప్పకండి. ప్రాక్టీసుకి ముందు బంతులు తుడవాలి, గాలి చూడాలి, నీళ్ల సీసాలు నింపాలి, షూటింగ్ చేసేవాడికి రీబౌండ్ పట్టి తిరిగివ్వాలి, డ్రిల్‌లో మనిషి తక్కువైతే చేతులెత్తి డిఫెన్స్‌లో నిలబడాలి, నేల మీద చెమట పడితే పరుగెత్తుకెళ్లి తుడవాలి, అయ్యాక తువ్వాళ్లూ ప్రాక్టీసు బట్టలూ ఉతికి ఆరేసి మడతపెట్టి ఎవరి లాకర్లో వాళ్లవి పెట్టాలి. బయటి ఊరి గేము ఆడి రాత్రి ఒంటిగంటకి బస్సు దిగితే ఆటగాళ్లు పడుకుంటారు, మేనేజర్లు వాషింగ్ మెషిన్ ముందు కూర్చుంటారు. నా థర్మోడైనమిక్స్ పుస్తకం సగం ఆ మెషిన్ చప్పుడులోనే చదివాను.

ఇది చిన్నతనం అనిపిస్తే ఈ వరస చూడండి. 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ అనే చిన్న జట్టుని ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశ) దాకా తీసుకెళ్లి, మరుసటి ఏడాది మిషిగన్ హెడ్ కోచ్ అయిన డస్టీ మే ఇండియానాలో కోచ్ బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజర్. బ్రాడ్ స్టీవెన్స్ ఎలై లిల్లీ అనే మందుల కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి 2000లో బట్లర్ యూనివర్సిటీలో కిందిస్థాయి నుంచి మొదలుపెట్టాడు, 2007లో 30 ఏళ్లకే హెడ్ కోచ్, 2010లో, 2011లో వరసగా ఫైనల్ ఆడించాడు. రాయ్ విలియమ్స్ అయితే హైస్కూల్లో హెడ్ కోచ్ పదవి మానుకుని 1978లో ఏడాదికి 2,700 డాలర్ల పార్ట్‌టైమ్ పనికి నార్త్ కరోలినా వచ్చాడు. ఇల్లు గడవడానికి జట్టు క్యాలెండర్లు అమ్మాడు, ఆదివారం పొద్దున్నే కారేసుకుని డీన్ స్మిత్ టీవీ షో టేపుల్ని స్టేషన్లకి చేరవేశాడు. ఇక టెన్నెసీ అమ్మాయిల జట్టుకి 1974లో 22 ఏళ్ల వయసులో హెడ్ కోచ్ అయిన ప్యాట్ సమిట్ జీతం నెలకి 250 డాలర్లు. వ్యాన్ ఆవిడే నడిపింది, యూనిఫామ్‌లు ఆవిడే ఉతికింది, ఆటగాళ్లలో కొందరు ఆవిడ కంటే ఒక్క ఏడాదే చిన్న. దిగిపోయేనాటికి 1,098 గెలుపులు, 8 టైటిళ్లు.

మెట్టు ఎక్కే అవకాశం ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చినప్పుడు నోరు తెరవాలి. బిల్ సెల్ఫ్ 1985 వేసవిలో కాన్సస్‌లో పిల్లల బాస్కెట్‌బాల్ క్యాంపులో పనిచేస్తూ మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. హెడ్ కోచ్ లారీ బ్రౌన్ పలకరించి, నేనేమైనా చెయ్యగలనా అంటే, గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా తీసుకోండి అన్నాడు. తీసుకున్నాడు. ఇప్పుడు ఆ జట్టుకి హెడ్ కోచ్ సెల్ఫే. మనవాళ్లం అక్కడ "అబ్బే, ఏం లేదు సార్, పర్లేదు" అనేసి వస్తాం, అదీ తేడా.

ఎవరికి రాయాలి? హెడ్ కోచ్‌కి రాస్తే చదవడు. ఆపరేషన్స్ డైరెక్టర్‌కి రాయండి, మేనేజర్లని పెట్టుకునేది సాధారణంగా ఆ మనిషే. ఆగస్టులో క్లాసులు మొదలవక ముందే రాయండి, నాలుగు వాక్యాలు చాలు: ఏం చదువుతున్నారు, వారంలో ఏయే గంటలు ఖాళీ, వీడియో ఎడిటింగ్ గానీ ఎక్సెల్ గానీ కోడింగ్ గానీ వచ్చా, ఎప్పుడు వచ్చి కలవమంటారు. "చిన్నప్పట్నుంచి నాకు బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం" అన్న పేరా కొట్టేయండి, అది అందరూ రాస్తారు. ఎఫ్-1 వీసా మీదున్నవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు దాటకూడదు. జీతం లేని పనైనా సరే ఒప్పుకునే ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి. కోచ్‌కి వీసా నిబంధనలు తెలియవు, తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు.

ఫిల్మ్ గది

తువ్వాళ్లు మడవడం మీద నమ్మకం కుదిరాక మీ చేతికి లాప్‌టాప్ ఇస్తారు. అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ఎవరైనా నన్ను ఒక్క నైపుణ్యం చెప్పమంటే ఇదే చెబుతాను, ఎందుకంటే మిగతావాటికి వయసూ పరిచయాలూ కావాలి, దీనికి ఓపిక ఒక్కటే కావాలి.

రాబోయే ప్రత్యర్థి గురించి తయారుచేసేదాన్ని స్కౌటింగ్ రిపోర్ట్ అంటారు, వాడుకలో స్కౌట్. సీజన్‌లోని గేముల్ని అసిస్టెంట్లు పంచుకుంటారు, ఈ గేము స్కౌట్ నీది, ఆ గేముది నాది అని. కింద ఉన్నవాళ్లు క్లిప్పులు కోసిపెడతారు. ఎలా చెయ్యాలంటే, మొదటిసారి బంతిని చూడకండి. బంతి లేని నలుగురిని చూడండి, ఎవరు ఎవరికి స్క్రీన్ పెడుతున్నారు (అంటే డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి దారి ఇవ్వడం), పెట్టాక ఎటు దొర్లుతున్నారు, స్క్రీన్‌కి ముందు కోచ్ వేళ్లతో ఏం సైగ చేశాడు, పాయింట్ గార్డ్ ఏ మాట అరిచాడు. ఒకే సైగ తర్వాత ఒకే కదలిక మూడుసార్లు కనపడితే అది వాళ్ల సెట్ ప్లే, ముందే సాధన చేసుకున్న ఎత్తు, పేరు పెట్టి రాసుకోండి. రెండోసారి ఒక్కొక్క ఆటగాణ్ని పట్టుకోండి. డ్రిబుల్ ఎడమకే వెళ్తాడా, ఆగి షూట్ చేస్తాడా లేక దూసుకెళ్తాడా, అలిసిపోతే ఏ తప్పు చేస్తాడు. మూడోసారి బేస్‌లైన్ నుంచి, సైడ్‌లైన్ నుంచి బంతి లోపలికి వేసే ప్లేలు. ఇవి కొత్తవాళ్లు వదిలేస్తారు, దగ్గరి గేములు అక్కడే తేలతాయి.

తర్వాత వచ్చేది అన్నిటికన్నా కష్టం. మీ దగ్గర మూడు గంటల సరుకుంటుంది. ఆటగాళ్లకి చూపించేది పది పన్నెండు నిమిషాలే. ఇరవై ఏళ్ల కుర్రాడు గేము ముందురోజు రాత్రి గుర్తుంచుకోగలిగింది తన మనిషి గురించి రెండు విషయాలు, జట్టు మొత్తానికి మూడు. మిగతాదంతా మీకు తెలిసుంటే చాలు. నీకు ఎంత తెలుసో చూపించుకోవడానికి స్కౌట్ చేస్తే ఆటగాళ్లు నిద్రపోతారు.

నేను దీంట్లోనే దెబ్బతిన్నాను. మొదటి సీజన్ జనవరిలో ఒక జట్టు మీద క్లిప్పులు కోస్తూ, 12 నంబరు కుర్రాడు బయట్నుంచి షూట్ చెయ్యడు, వదిలేసి లోపలికి సాయం వెళ్లొచ్చు అని రాశాను. అసిస్టెంట్ కోచ్ నన్ను నమ్మి అదే బోర్డు మీద రాశాడు. గేములో ఆ 12 నంబరు వాడు ఐదు త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేశాడు. మూడోది పడ్డప్పుడు మావాడొకడు బెంచ్ వైపు చేతులు చాచి చూశాడు, ఆ చూపు నాకింకా గుర్తుంది. తిరుగు ప్రయాణంలో బస్సులో హెడ్ కోచ్ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. "ఎన్ని గేములు చూశావ్?" అన్నాడు. రెండు అన్నాను. ఆ కుర్రాడికి అంతకుముందు నెల చెయ్యి బాగాలేదట, నేను చూసిన రెండూ అప్పటివే. "ఐదు చూడు" అని లేచి ముందుకెళ్లిపోయాడు. అంతే. ఆ రోజు నుంచి ఐదుకి తక్కువ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆఫీసులో ఏ రిపోర్టు రాసినా రెండు నెలల డేటా చూసి ఆగిపోవాలంటే చెయ్యి రాదు.

అసిస్టెంట్ అయ్యాక: ఫోనే మీ ఉద్యోగం

గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా రెండేళ్లు, ఆపరేషన్స్‌లోనో వీడియోలోనో ఇంకో రెండు మూడేళ్లు గడిచాక, అదృష్టం బాగుంటే అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం వస్తుంది. జీతాల గురించి ముందే చెబుతాను. పైన పేరున్న హెడ్ కోచ్‌లకి ఏడాదికి 50 లక్షల డాలర్లు దాటుతుంది, వార్తల్లో అదే కనిపిస్తుంది. కింద మాత్రం ఎప్పుడూ కరువే. 1990ల్లో ఎన్‌సీఏఏ ఒక రూలు పెట్టి డివిజన్ 1లో కిందిస్థాయి కోచ్‌ల సంపాదన ఏడాదికి 16,000 డాలర్లు దాటకూడదంది, వేసవి క్యాంపుల డబ్బుతో కలిపి. ఆ కోచ్‌లు కోర్టుకెళ్లి గెలిచారు, 1999లో 5.45 కోట్ల డాలర్లకి సెటిల్ అయింది. రూలు పోయింది గానీ, ఎంత తక్కువిచ్చినా చేసేవాళ్లు క్యూలో ఉన్నారన్న సంగతి పోలేదు.

అసిస్టెంట్‌కి అసలు పని రిక్రూటింగ్, అంటే హైస్కూల్ పిల్లల్ని ఒప్పించి మీ కాలేజీకి తీసుకురావడం. దీనికి ఓ పంచాంగమే ఉంది. ఏ రోజుల్లో వెళ్లి చూడొచ్చు, ఏ రోజుల్లో మాట్లాడొచ్చు, ఏ రోజుల్లో అసలు మొహమే చూపించకూడదు అన్నీ రాసిపెట్టి ఉంటాయి. చూడటమే తప్ప మాట్లాడకూడని రోజులు ఉంటాయి చూశారూ, అవి భలే ఉంటాయి. జూలైలో సౌత్ కరోలినాలోని నార్త్ అగస్టాలో నైకీ వాళ్ల పీచ్ జామ్ టోర్నమెంటు జరుగుతుంది. కోర్టు పక్కన కుర్చీల వరసల్లో దేశంలోని పేరుమోసిన కోచ్‌లంతా తమ కాలేజీ లోగో ఉన్న పోలో షర్టు వేసుకుని కూర్చుంటారు. వాళ్లలో సగంమంది తాము కోరుకునే కుర్రాడి ఆట ఇంతకుముందే పదిసార్లు చూశారు, అతణ్ని అంచనా వెయ్యడానికి రాలేదు. కుర్రాడు తల తిప్పినప్పుడు తమ షర్టు కనపడాలని వచ్చారు. కోట్ల జీతం తీసుకునే మనిషి పదహారేళ్ల పిల్లాడి కంట్లో పడటానికి మూడు గంటలు కదలకుండా కూర్చోవడం అంటే మాటలా.

ఇంటికెళ్లి మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు కొత్తవాళ్లు చేసే తప్పు, పిల్లాడితో మాత్రమే మాట్లాడటం. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోండి. అమ్మమ్మ కావచ్చు, అన్నయ్య కావచ్చు, చిన్నప్పటి కోచ్ కావచ్చు. వాళ్లు అడిగే ప్రశ్న ఆట గురించి ఉండదు, "మావాడు అక్కడ ఒంటరిగా ఉంటే ఎవరు చూస్తారు?" అనుంటుంది. దానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి. మొదటి ఏడాదే స్టార్టర్ (గేము మొదలుపెట్టే ఐదుగురిలో ఒకడు) చేస్తానని మాటిచ్చి తీసుకొస్తే ఆ మాటే మార్చిలో మీ మెడకి చుట్టుకుంటుంది.

ఇదంతా కూడా ఈ మధ్య ఏళ్లలో తలకిందులైంది. 2018లో, వేరే కాలేజీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరూ బొమ్మా వాడుకున్నందుకు డబ్బు తీసుకోవడం మొదలైంది, దాన్నే ఎన్ఐఎల్ అంటున్నారు. 2025 జూలై 1 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి అన్ని ఆటలకీ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఒకప్పుడు పిల్లాణ్ని తెచ్చుకుంటే నాలుగేళ్లు మీవాడు. ఇప్పుడు ప్రతి వసంతంలో మీ జట్టులో ఉన్నవాణ్నే మళ్లీ ఒప్పించుకోవాలి, అదే సమయంలో పోర్టల్‌లో ఉన్న వేరేవాళ్లని రమ్మనాలి. వర్జీనియాకి 2019లో టైటిల్ తెచ్చిన టోనీ బెనెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్ మూడు వారాల్లో మొదలవుతుందనగా తప్పుకున్నాడు, ఈ కొత్త వాతావరణానికి తాను సరిపోనని చెప్పేసి. మీరు ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్నారు కాబట్టి మీకు పాతరోజుల బెంగ ఉండదు, అది మీకు ఒకందుకు లాభమే. డబ్బు లెక్కలు, కాంట్రాక్టులు, ఏజెంట్లతో మాటలు వచ్చిన కుర్ర అసిస్టెంట్‌కి ఇప్పుడు గిరాకీ ఉంది. మన పిల్లలకి లెక్కలు భయం లేదు, ఆ తలుపు చూసుకోండి.

నేర్పడం

ప్రాక్టీసు సమయం మీరనుకున్నంత ఉండదు. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు, వారంలో ఒకరోజు పూర్తి సెలవు. ఆ 20లోనే ఫిల్మూ, వెయిట్ రూమూ. కాబట్టి నిమిషాల లెక్కన ప్లాన్ రాయాలి. వుడెన్ చిన్న అట్టముక్కల మీద ఏ నిమిషానికి ఏ డ్రిల్ అన్నది రాసుకుని వచ్చేవాడు, ఏళ్ల తరబడి వాటిని దాచుకున్నాడు కూడా. కొత్త ఆటగాళ్లకి ఆయన మొదటి పాఠం సాక్సులు ఎలా తొడుక్కోవాలి అన్నది. మడమ దగ్గర, వేళ్ల దగ్గర ముడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ప్రాక్టీసు పోతుంది. నవ్వొచ్చే విషయమే, కానీ 10 టైటిళ్ల మనిషి చెబుతుంటే ఎవడు నవ్వుతాడు.

మాట్లాడటం తగ్గించండి. డ్రిల్ ఆపి మూడు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చే కోచ్‌ని చూశాను, కుర్రాళ్ల చెమట ఆరిపోయేది, కళ్లు గడియారం మీదకెళ్లేవి. ఒక్క వాక్యంలో చెప్పి మళ్లీ ఆడించాలి. టైమౌట్ అయితే ఇంకా నేర్పుతుంది. దూరం నుంచి చూసేవాళ్లకి హెడ్ కోచ్ వెంటనే ఆటగాళ్ల దగ్గరికి రాలేదేంటి అనిపిస్తుంది. మేనేజర్లు స్టూళ్లు వేస్తారు, ఆడే ఐదుగురూ కూర్చుంటారు, ఎవరో నీళ్లిస్తారు, ఆ లోపు కోచ్‌లంతా నాలుగడుగులు దూరంగా గుంపుగా నిలబడి పదిహేను సెకన్లు మాట్లాడుకుంటారు. ఒక అసిస్టెంట్ ఎవరికి ఎన్ని ఫౌళ్లో చెబుతాడు, ఇంకొకడు "వాళ్లు జోన్‌కి మారారు" (మనిషిని కాక చోటుని కాపాడే డిఫెన్స్) అంటాడు. హెడ్ కోచ్ వాటన్నిటిలోంచి ఒక్కటి ఏరుకుని వచ్చి మోకాళ్ల మీద కూర్చుని అదొక్కటే చెబుతాడు. మిగతా నాలుగూ మింగేస్తాడు. ఆ మింగడం రావడానికే పదేళ్లు పడుతుందేమో అనిపించేది నాకు.

డీన్ స్మిత్ దగ్గర ఓ అలవాటుండేది. బాస్కెట్ వేసినవాడు, పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. అలిసిపోయిన ఆటగాడు పిడికిలెత్తితే బయటికి పిలుస్తారు, తేరుకున్నాక తనే మళ్లీ లోపలికి వెళ్లొచ్చు. దానివల్ల అలసట దాచుకోవాల్సిన పని ఉండదు. ఇలాంటి చిన్న రూళ్లు మీకు నచ్చినవి ఓ నోటుబుక్కులో రాసుకోండి, హెడ్ కోచ్ ఇంటర్వ్యూలో అడిగేది వీటి గురించే. జార్జ్‌టౌన్‌లో జాన్ థాంప్సన్ ఆఫీసులో గాలి తీసేసిన బాస్కెట్‌బాల్ ఒకటి ఉండేది, ఆట అయిపోయాక ఏం చేస్తావు అని కుర్రాళ్లని అడగడానికి. 1984లో ఎన్‌సీఏఏ డివిజన్ 1 టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి కోచ్ ఆయనే.

హెడ్ కోచ్ కుర్చీ

మీకిచ్చే మొదటి జట్టు చెడ్డ జట్టే అయుంటుంది. మంచి జట్టైతే ఆ కుర్చీ ఖాళీ అవ్వదు కదా. గ్రెగ్ పొపోవిచ్, తర్వాత శాన్ ఆంటోనియోలో ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచిన మనిషి, డివిజన్ 3లో పొమోనా-పిట్జర్ కోచ్‌గా మొదటి సీజన్‌లో 2 గెలిచి 22 ఓడాడు. డాన్ స్టేలీ సౌత్ కరోలినాలో మొదటి ఏడాది 10-18, తర్వాత మూడు టైటిళ్లు. మైక్ షషెఫ్‌స్కీ డ్యూక్‌లో మొదటి మూడు సీజన్లు కలిపి 38-47, తీసెయ్యమని అభిమానులు గొడవ చేస్తే అథ్లెటిక్ డైరెక్టర్ (కాలేజీ ఆటల విభాగం పెద్ద) టామ్ బటర్స్ వినలేదు, అదే షషెఫ్‌స్కీ 2022లో 1,202 గెలుపులతో రిటైరయ్యాడు. 1965లో ఓడి వస్తున్న డీన్ స్మిత్ బస్సు దిగేసరికి క్యాంపస్‌లో ఆయన దిష్టిబొమ్మ చెట్టుకి వేలాడుతోంది. వుడెన్‌కి యూసీఎల్ఏలో మొదటి టైటిల్ వచ్చింది 16వ సీజన్‌లో. ఇవాళ ఎవరైనా పదహారేళ్లు ఆగుతారా? నాలుగేళ్లు ఆగితే గొప్ప.

అందుకే ఉద్యోగం ఒప్పుకునే ముందు జట్టుని కాదు, అథ్లెటిక్ డైరెక్టర్‌ని చూడండి. గత కోచ్‌ని ఎన్నేళ్లు ఉంచాడు, ఎలా పంపాడు, ఆయనతోపాటు అసిస్టెంట్ల కుటుంబాలకి ఏమైంది. కాంట్రాక్టులో బయౌట్ అనే క్లాజు ఉంటుంది, వాళ్లు తీసేస్తే మీకెంత ఇవ్వాలి, మీరు వదిలేస్తే వాళ్లకెంత ఇవ్వాలి అన్నది. లాయరు లేకుండా సంతకం పెట్టొద్దు. అసిస్టెంట్లకి ఇంత రక్షణ ఉండదు, పైవాడు పోతే చాలాసార్లు కిందవాళ్లంతా అదే వారం పెట్టె సర్దుకోవాలి. ఒక సీనియర్ అసిస్టెంట్ భార్య నాతో అంది, మొదటి రెండేళ్లూ గోడకి మేకు కొట్టను, ఫోటోలు కింద ఆనించే పెడతాను అని.

ఏప్రిల్లో ఫైనల్ ఫోర్ జరిగే ఊళ్లో కోచ్‌ల సంఘం సమావేశాలు కూడా ఉంటాయి. ఆ సంఘం పేరు ఎన్ఏబీసీ, 1927లో ఫాగ్ అలెన్ పెట్టిందే. సెమినార్లకి వెళ్లండి, కానీ ఉద్యోగాలు దొరికేది హోటల్ లాబీలో. అక్కడ మీకంటే పైవాళ్ల వెంట పడటం కంటే మీ మెట్టు మీదే ఉన్న పది మందితో స్నేహం చెయ్యడం మేలు. పదేళ్ల తర్వాత ఫోన్ చేసేది వాళ్లే.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. షషెఫ్‌స్కీ వెన్ను ఆపరేషన్ అయి సరిగ్గా కోలుకోకముందే పనికొచ్చి, చివరికి 1995 జనవరిలో సీజన్ మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. అప్పటికే రెండు టైటిళ్లు గెలిచిన మనిషి. నిద్ర, తిండి, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఇవన్నీ ప్రాక్టీసు ప్లాన్‌లో రాసినట్టే రాసుకోండి.

పాత ఆటగాళ్లకి ఫోన్ చెయ్యడం మానొద్దు. స్మిత్ 2015లో చనిపోయాక, ఆయన దగ్గర ఆడిన దాదాపు 180 మందికి ఒక్కొక్కరికి 200 డాలర్ల చెక్కు వచ్చింది, వీలునామాలో రాసిపెట్టాడట, కోచ్ తరఫున బయట భోజనం చెయ్యండి అని. వాళ్లలో మైకేల్ జోర్డాన్ ఉన్నాడు, గేముకి రెండు నిమిషాలు కూడా ఆడనివాళ్లూ ఉన్నారు. చెక్కు అందరికీ ఒకటే.

సరే, ఆపరేషన్స్ డైరెక్టర్ నుంచి "గురువారం ప్రాక్టీసుకి రా" అని జవాబు వచ్చిందనుకోండి. ప్రాక్టీసు మూడింటికైతే రెండుంబావుకే వెళ్లండి. నేల మీద మచ్చలు పడని సోలున్న బూట్లు వేసుకోండి. ఫోన్ బ్యాగులో పడేయండి. ఎవరూ మీకు ఏం చెయ్యాలో చెప్పరు, అందరూ హడావుడిగా ఉంటారు, మీరు ఆ గోడ పక్కన నిలబడి ఇబ్బంది పడతారు. కంగారు పడకండి. పాత మేనేజర్ ఎవరో ఒకడు బంతుల రాక్ తోసుకుంటూ వస్తాడు, వాణ్ని అడిగి మాప్ ఎక్కడుందో కనుక్కోండి, ఎవడో ఒకడు పదినిమిషాల్లో జారి పడతాడు.